లేహ్‌లో మొదటి రెండు రోజులు ఏం చేయాలంటే... ఏమీ చేయకూడదు

ప్రశ్న: వచ్చే నెల లద్దాఖ్ వెళ్తున్నాం. నేను, మావారు, తొమ్మిదేళ్ల బాబు, అరవై రెండేళ్ల అత్తయ్యగారు. ఫ్లైట్‌లో లేహ్ దిగిన రోజు సాయంత్రమే ఊరు చూపిస్తారట. మర్నాడు ఖార్దుంగ్ లా కనుమ మీదుగా నుబ్రా లోయ, మూడో రోజు అక్కణ్నుంచి నేరుగా పాంగాంగ్ సరస్సు, నాలుగో రోజు లేహ్, ఐదో రోజు వెనక్కి. అత్తయ్యగారు బీపీ మాత్ర వేసుకుంటారు. మావారు రోజూ జిమ్‌కి వెళ్తారు, ఆయనకైతే టెన్షనే లేదు, నాలుగు ఆక్సిజన్ డబ్బాలు కొనుక్కుంటే సరిపోతుందంటున్నారు. నిజంగా సరిపోతాయా? ఎత్తు జబ్బు రాకుండా డయామాక్స్ మాత్ర వేసుకోమంటున్నారు, వేసుకోవచ్చా? — ఒక పాఠకురాలు

జవాబు: సరిపోవండీ. మీ ఉత్తరం చదువుతుంటే నాకు భయం వేసింది అత్తయ్యగారి వయసు చూసి కాదు, మీ ప్లాన్‌లో ఆ రెండో రోజు, మూడో రోజు చూసి.

లేహ్ ఎత్తు దాదాపు 11,500 అడుగులు. అక్కడి గాలిలోనూ ఆక్సిజన్ 21 శాతమే, కింద ఉన్నంతే. కానీ గాలి ఒత్తిడి సముద్రమట్టం దగ్గరున్న దాంట్లో మూడింట రెండొంతులకి పడిపోతుంది, అందుకని ఒక్కో ఊపిరికి లోపలికి చేరే ఆక్సిజన్ తగ్గిపోతుంది. దీనికి అలవాటు పడటం ఒంటికి తెలుసు, ఊపిరి వేగం పెంచుతుంది, గుండె జోరు పెంచుతుంది, మూత్రం ఎక్కువగా పోయిస్తుంది, కాకపోతే ఇదంతా కుదురుకోవడానికి రోజులు పడుతుంది, మీరేమో ఢిల్లీలో ఎక్కి గంటన్నరలో అక్కడ దిగుతున్నారు. పైగా ఒళ్లు అలవాటు పడకముందు వచ్చే ఈ ఎత్తు జబ్బు తలనొప్పి దిగగానే రాదు. ఆరు నుంచి పన్నెండు గంటలు పోయాక మొదలవుతుంది. అందుకే మొదటి మధ్యాహ్నం అందరూ హుషారుగా ఉంటారు, బజారంతా తిరుగుతారు, శాంతి స్తూపం మెట్లెక్కి ఫొటోలు దిగుతారు, రాత్రికి వాంతులు.

కాబట్టి లేహ్‌లో మొదటి రెండు రోజులు, అంటే పూర్తిగా 48 గంటలు, గదిలోనే ఉండండి, మహా అయితే గది చుట్టుపక్కల నెమ్మదిగా నాలుగడుగులు వేయండి. డబ్బు పెట్టి వచ్చి పడుకోవడమేంటి అని మీవారు అంటారని మీరు అనుకుంటున్నారు కదా? అననివ్వండి. జిమ్‌కి వెళ్లేవాళ్లకి ఈ జబ్బు రాదనే రూలు ఎక్కడా లేదు. నిజం చెప్పాలంటే ఒంట్లో బలం ఉందన్న ధీమాతో మొదటి రోజే పరుగులు పెట్టి, తలనొప్పి వచ్చినా పైకి చెప్పని మనుషులతోనే నాకు ఎక్కువ భయం. వయసు పెద్దదైనంత మాత్రాన ముప్పు పెరగదు. అత్తయ్యగారి బీపీ అదుపులో ఉంటే వెళ్లొచ్చు, అయితే ముందు ఆవిడ డాక్టర్‌కి ఎంత ఎత్తుకి వెళ్తున్నారో చెప్పి అడగండి, మాత్ర మాత్రం ఒక్క పూట కూడా మానకూడదు. గుండెజబ్బు, ఊపిరితిత్తుల జబ్బు, నిద్రలో ఊపిరి ఆగే సమస్య ఉన్నవాళ్లయితే డాక్టర్ సరేనన్నాకే టికెట్ తీసుకోవాలి.

ఇప్పుడు ప్లాన్ సంగతి. గుర్తుపెట్టుకోవాల్సింది పగలు ఎంత ఎత్తు ఎక్కామన్నదాని కంటే రాత్రి ఎంత ఎత్తులో పడుకున్నామన్నది. పది వేల అడుగులు దాటాక పడుకునే చోటు ఒక్కో రాత్రికి 1,600 అడుగుల కంటే పెరగకూడదనేది పర్వత వైద్యులు చెప్పే లెక్క. ఖార్దుంగ్ లా 17,582 అడుగులు (అక్కడి బోర్డు మీద చాలా ఏళ్లపాటు 18,380 అని ఉండేది, ఆ తేడా ఫొటోలకే పనికొస్తుంది), కానీ అది దాటుకుంటూ పోయే కనుమ, పది పదిహేను నిమిషాలు ఆగి దిగిపోతే ఒంటికి బాగా అలవాటైనవాళ్లకి పెద్దగా ఏమీ కాదు. దిగాక నుబ్రాలో హుందర్ దాదాపు పది వేల అడుగులే, లేహ్ కంటే కిందే, హాయిగా నిద్రపోవచ్చు. పాంగాంగ్ అలా కాదు, దాదాపు 14 వేల అడుగులు, మీరు మూడో రాత్రికే అక్కడ పడుకుంటున్నారు.

ఇంకో చిక్కుంది, దీన్ని ఎవరూ చెప్పరు. ఈ జబ్బు ముదిరితే మందు ఒక్కటే, కిందికి దిగడం. కానీ పాంగాంగ్ నుంచి లేహ్ రావాలంటే ముందు దాదాపు 17,600 అడుగుల చాంగ్ లా ఎక్కి దాటాలి, అంటే దిగడానికి ఎక్కాలి! అర్ధరాత్రి, మనిషి ఊపిరాడక ఆయాసపడుతుంటే. దారిలో టాంగ్ట్సేలో ఆరోగ్య కేంద్రం ఉంది, నుబ్రావైపు దిస్కిత్‌లో ఆసుపత్రి ఉంది, పెద్దది కావాలంటే లేహ్‌లోని సోనమ్ నోర్బూ ఆసుపత్రికే రావాలి, ఎత్తు జబ్బుతో వచ్చే టూరిస్టులు అక్కడివాళ్లకి కొత్తేం కాదు. నన్నడిగితే ఐదు రోజులే ఉంటే పాంగాంగ్ తీసేయండి. ఇంకో రెండు రోజులు కలుపుకోగలిగితే నుబ్రా చూసి లేహ్ వచ్చి, పాంగాంగ్‌ని చివర్లో పెట్టుకోండి.

డబ్బాల ఆక్సిజన్ కొద్ది నిమిషాలకే అయిపోతుంది, ఈలోపు తగ్గిపోయిందనిపిస్తుంది, అదే ప్రమాదం. కొందరు కర్పూరం వాసన చూడమంటారు, చూస్తే ముక్కు తెరుచుకున్నట్టుంటుంది, రక్తంలో ఆక్సిజన్ మాత్రం పెరగదు, అది బాబు నోట్లో పెట్టుకోకుండా చూడండి, పిల్లలకి విషం. డయామాక్స్ (అసిటాజోలమైడ్) నిజంగా పనిచేసే మందు. పెద్దవాళ్లకి మామూలుగా 125 మిల్లీగ్రాములు పొద్దున, రాత్రి, ఎక్కడానికి ముందు రోజు నుంచి ఇస్తారు. సల్ఫా మందులు పడనివాళ్లు ముందే చెప్పాలి, బాబుకి బరువుని బట్టి డాక్టరే రాయాలి. వేళ్లు తిమ్మిరెక్కుతాయి, పదేపదే బాత్రూమ్‌కి వెళ్లాల్సొస్తుంది, సోడా తాగితే చప్పగా ఉంటుంది, కంగారు పడకండి. మందు, నిద్రమాత్రలు రెండూ వద్దు, ఇక్కడ మందు అంటే ఏ మందో మీవారికి తెలుసు.

తలనొప్పి, వికారం, ఆకలి లేకపోవడం, నిద్ర పట్టకపోవడం వరకైతే ఎత్తు పెంచకుండా ఉన్నచోటే ఉండి పారాసెటమాల్ వేసుకుని చూడొచ్చు. తగ్గే వరకు పైకి వెళ్లొద్దు, ఇంకా పెరుగుతుంటే దిగిపోవాలి. కూర్చుని ఉన్నా ఆయాసం, ఆగని దగ్గు, నురగలా కఫం వస్తే ఊపిరితిత్తుల్లోకి నీరు చేరుతోందని. పొంతన లేని మాటలు, తూలడం వస్తే మెదడు వాస్తోందని. అనుమానం వస్తే ఒక కాలి మడమకి ఇంకో కాలి వేళ్లు ఆనిస్తూ గీత మీద నడిచినట్టు నడిపించి చూడండి, తూలితే తెల్లారేదాకా ఆగొద్దు, ఆక్సిజన్ ఉంటే పెట్టి అప్పుడే బయల్దేరదీయండి. బాబు సరిగ్గా చెప్పలేడు, ఆట మానేసి అన్నానికి మొహం తిప్పుకుని చిరాకు పడుతున్నాడంటే ఎత్తు వల్లేనని అనుకుని చూడండి. వేలికి పెట్టుకునే ఆక్సీమీటర్‌లో 85, 88 కనిపించినంత మాత్రాన గుండె గుభేలుమనక్కర్లేదు, లేహ్‌లో కొత్తగా దిగినవాళ్లకి అది మామూలే, చేతులు చల్లబడితే ఇంకా తప్పు చూపిస్తుంది. అంకె కంటే మనిషిని చూడండి.

ప్రశ్న: ఫ్రెండ్స్ నలుగురం బైక్‌ల మీద మనాలీ నుంచి లేహ్ వెళ్దామనుకుంటున్నాం. సర్చూలో ఒక రాత్రి టెంట్లో ఉంటే చాలా? — ఒక విద్యార్థి

జవాబు: సర్చూలో ఒక రాత్రి నేనూ ఉన్నాను తమ్ముడూ, బూట్లు విప్పడానికి కూడా ఓపిక లేక అలాగే పడుకున్నాను, పక్క టెంట్లో ఎవరో తెల్లవార్లూ వాంతులు చేసుకుంటూనే ఉన్నారు. 14 వేల అడుగుల చోటది, ఒకవైపు బారాలాచా లా, ఇంకోవైపు లాచులుంగ్ లా, రెండూ 16 వేలు దాటినవే, ఎటు పోవాలన్నా ఎక్కాల్సిందే. మొదటి రాత్రి సర్చూకి ముందే, ఇంకా కిందున్న జిస్పాలో ఉండండి, కుదిరితే రెండు రాత్రులు, తర్వాత తెల్లవారుజామునే బయల్దేరి ఎత్తు మీద వీలైనంత తక్కువ సేపు ఉండేలా చూసుకోండి. నా మాట వింటే శ్రీనగర్ దారిలో వెళ్లి మనాలీ దారిలో తిరిగి రండి. అటైతే శ్రీనగర్ 5,200, కార్గిల్ 8,800, లేహ్ 11,500, ఎత్తు మెల్లగా పెరుగుతుంది. మంచు కరిగి రోడ్డుకి అడ్డంగా పారే నాలాలు పొద్దున్నే పాదం తడిసేంత ఉంటాయి, మధ్యాహ్నం ఎండకి బైక్‌ని తోసేసేంత అవుతాయి. వాటిని పది గంటల్లోపే దాటండి. టెంట్లోకి పొయ్యి, బొగ్గుల కుంపటి తీసుకెళ్లి జిప్ వేసుకున్నారా, కార్బన్ మోనాక్సైడ్‌తో ఎవరికీ తెలియకుండానే అయిపోతుంది.

ప్రశ్న: అక్కడ ఫోన్ పనిచేస్తుందా?

జవాబు: బయటి రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్‌లు పనిచేయవు, పోస్ట్‌పెయిడ్ కావాలి, అదీ లేహ్ దాటాక చాలా దూరం సిగ్నల్ ఉండదు. శాటిలైట్ ఫోన్ తీసుకెళ్దామన్న ఆలోచన ఉంటే మానుకోండి, మన దేశంలో అనుమతి లేకుండా అది దగ్గర ఉంటేనే కేసు. ఏ రాత్రి ఎక్కడ పడుకుంటారో, ఎప్పటికి ఫోన్ చేయకపోతే వెతకాలో ఒక కాగితం మీద రాసి ఇంట్లో ఒకరికి, లేహ్‌లో మీ హోటల్ వాళ్లకి ఒకటి ఇచ్చి బయల్దేరండి.