ఫోన్‌లో క్విజ్ టకటకా ఆడతాడు, మేం అడిగితే నోరు మెదపడు

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది ప్రొద్దుటూరు. మా బాబుకు నాలుగేళ్లు, నర్సరీకి వెళ్తున్నాడు. ఫోన్‌లో రంగులు, జంతువుల క్విజ్ పెడితే ఒక్కటీ తప్పు పోనివ్వడు. అవే మేం ఎదురుగా కూర్చోబెట్టుకుని అడిగితే బిక్కమొహం వేస్తాడు, లేదంటే ‘తెలీదు’ అని పరుగు తీస్తాడు. చుట్టాల ముందైతే మరీ. జ్ఞాపకశక్తి తక్కువా? టానిక్ ఏదైనా వాడాలా? ఇంట్లో ఆడించగలిగే క్విజ్ ఆటలు చెప్పండి. – ఒక తల్లి

జవాబు: మీరు రాసినదాన్ని బట్టి బాబు జ్ఞాపకశక్తికి లోటేమీ కనిపించడం లేదమ్మా. టానిక్ అక్కర్లేదు.

ఫోన్ క్విజ్‌లో నాలుగు బొమ్మలు కళ్లెదుట ఉంటాయి. ఏనుగు ఏదంటే గుర్తుపట్టి వేలు పెడితే చాలు. తప్పయితే ఒక శబ్దం వస్తుంది, వెంటనే ఇంకోటి నొక్కుతాడు. ఎన్ని తప్పులు పోయాయో మీకు తెలియను కూడా తెలియదు. మీరు అడిగేటప్పుడు మాత్రం పేరును లోపల వెతికి పట్టుకుని, నోటితో పలకాలి. అదీ మీ మొహం చూస్తూ. చూసి గుర్తుపట్టడం తేలిక, తలుచుకుని చెప్పడం కష్టం. పెద్దవాళ్లకూ అంతే. ఇక చుట్టాల ముందు ‘ఏబీసీడీ చెప్పు నాన్నా’ అనడం ఆట కాదు, పరీక్ష. అది ఇవాళే మానేయండి.

నాలుగేళ్లకు నాలుగు, అంతకన్నా ఎక్కువ మాటలు కలిపి మాట్లాడటం, కొన్ని రంగుల పేర్లు చెప్పడం, ‘గొడుగు ఎందుకు?’ లాంటి ప్రశ్నకు జవాబివ్వడం వస్తే సరిపోతుంది. పది దాకా లెక్కపెట్టడం, విన్న కథలోంచి అడిగితే చెప్పడం, ఒకే పని మీద ఐదు నుంచి పది నిమిషాలు కుదురుగా ఉండటం ఐదేళ్లకు ఆశించేవి. కాబట్టి ఇప్పుడు ఒక విడత ఐదు నిమిషాలు చాలు, రోజుకు రెండు విడతలు. బడి నుంచి రాగానే, ఆకలి మీద ఉన్నప్పుడు వద్దు. ఇంకా ఆడదాం అంటుండగానే ఆపేస్తే రేపు వాడే అడుగుతాడు.

ఆటకన్నా ముందు, అడిగే తీరు మార్చుకోవాలి. ప్రశ్న అడిగాక మనసులో పది లెక్కపెట్టేదాకా నోరు తెరవకండి. చాలామంది ఒకటి రెండు సెకన్లకే ‘చెప్పు, చెప్పు’ అంటారు, లేదా ప్రశ్న మార్చి మళ్లీ అడుగుతారు. వాడు అప్పటిదాకా వెతుక్కుంటున్నది అక్కడితో చెదిరిపోతుంది. రెండోది, ప్రశ్నకు మెట్లుంటాయి. మొదటి మెట్టు ‘నిమ్మకాయ ఏది, చూపించు’. రెండోది ‘ఇది నిమ్మకాయా, టమోటానా?’. మూడోది ‘ఇదేంటి?’. నాలుగోది ‘ఇది ఎందుకు పుల్లగా ఉంది?’. మీరు నేరుగా మూడో మెట్టు నుంచి మొదలుపెడుతున్నారు. వాడు తడబడిన ప్రతిసారీ ఒక మెట్టు కిందికి దిగి అడగండి. తప్పు చెబితే ‘తప్పు’ అనకండి, ‘ఇది చీనీకాయ, అదిగో అది నిమ్మకాయ’ అని సరైనది చెప్పి ముందుకు పోండి. బడిలో ‘రెడ్’, ఇంట్లో ‘ఎరుపు’ వింటున్న పిల్లాడు ఏ మాటలో చెప్పినా సరైన జవాబే.

మొదట ‘ఏది మాయం?’ ఆడండి. వాడికి పేర్లు బాగా తెలిసిన మూడు వస్తువులు తీసుకోండి: చెంచా, దువ్వెన, సబ్బు. ఒక్కోదాన్ని వాడి చేతే ముట్టించి పేరు చెప్పించండి, తువ్వాలు కప్పండి. వాణ్ని కళ్లు మూసుకోమని ఒకటి తీసి వెనక దాచి, తువ్వాలు తీయండి. ఏది పోయిందో చెప్పాలి. వరసగా మూడుసార్లు సరిగ్గా చెబితేనే నాలుగో వస్తువు. ఈ ఆట చెడేది సాధారణంగా రెండు చోట్ల: ఆశకొద్దీ ఒకేసారి ఏడెనిమిది పెట్టినప్పుడు, పేరు రాని వస్తువు పెట్టినప్పుడు. పేరు రాకపోతే గుర్తున్నా చెప్పలేడు, మీరేమో మర్చిపోయాడనుకుంటారు.

తర్వాత సంచి ఆట. గుడ్డసంచిలో నిమ్మకాయ, ఎర్రగడ్డ, చెంచా, బంతి వేసి, చూడకుండా చెయ్యి పెట్టి తడిమి చెప్పమనండి. మొదట ‘మెత్తగా ఉందా, గట్టిగా ఉందా?’ అనే అడగండి, పేరు తర్వాత. నిమ్మకాయకూ ఎర్రగడ్డకూ మధ్య వాడి వేళ్లు ఎంతసేపు తచ్చాడతాయో చూడండి. ఎర్రగడ్డ పొట్టు గరగరమంటుంది, కొస మొనదేలి ఉంటుంది. అది పట్టుకున్నాడంటే జవాబు వచ్చేసినట్టే.

మాట్లాడటానికి మొండికేసే పిల్లలకు నేను ఎక్కువగా చెప్పేది నేల మీద ఆట. మీ ఇంట్లో కడప బండలే పరిచి ఉంటే సుద్దముక్కతో నాలుగు గళ్లు గీసి, ఒక్కోదాంట్లో ఒక్కో బొమ్మ వేయండి: చేప, చెట్టు, సూర్యుడు, బస్సు. ‘నీళ్లలో ఉండేది?’ అంటే చేప మీదికి దూకాలి. నోటితో పనిలేదు. రెండు మూడు రోజులకు దూకుతూ పేరు కూడా అరిచేస్తాడు. తడి బండల మీద మాత్రం ఆడించకండి, జారతాయి.

పక్కింటి పిల్లలు కూడా ఉంటే ‘వీరీ వీరీ గుమ్మడిపండు’ ఉండనే ఉంది. కళ్లు మూసి, వచ్చి ముట్టుకున్నది ఎవరో చెప్పించడం కన్నా మంచి క్విజ్ ఏముంది? పొడుపు కథలకు ఇంకాస్త ఆగండి. ‘కిటకిట తలుపులు, కిటారి తలుపులు’ అంటే కనురెప్పలని తట్టడానికి ఐదారేళ్లు రావాలి. ఇప్పటికి ‘తెల్లగా, గుండ్రంగా ఉంటుంది, పొద్దున చట్నీతో తింటాం’ చాలు.

పిల్లలు అన్నిటికన్నా ఇష్టపడేది పాత్రలు మారడం. వాడు అడగాలి, మీరు చెప్పాలి. కావాలనే తప్పు చెప్పండి: ‘కుక్క మ్యావ్ అంటుంది’. మిమ్మల్ని సరిదిద్దడంలో మీరు ఎన్నడూ వినని వాక్యాలు వస్తాయి.

ఒక్క హెచ్చరిక. మన వైపు ఇళ్లలో లెక్కల ఆటకు వెంటనే చేతికొచ్చేవి చెనిక్కాయ విత్తనాలు, చింతపిక్కలు. ఈ వయసులో అవి వద్దు. నవ్వుతూ నోట్లో వేసుకుంటే శ్వాసనాళంలోకి పోతాయి. నాలుగు సెంటీమీటర్లకన్నా చిన్నది ఏదీ ఆటలోకి రానివ్వకండి, బటన్ బ్యాటరీలు అసలే వద్దు. పొరపాటున గొంతుకు అడ్డం పడినా గట్టిగా దగ్గుతుంటే దగ్గనివ్వండి. దగ్గలేక, ఏడవలేక ఉంటే ముందుకు వంచి భుజాల మధ్య వీపు మీద ఐదు దెబ్బలు, అప్పటికీ రాకపోతే వెనక నుంచి పట్టుకుని బొడ్డుకు కాస్త పైన పిడికిలితో లోపలికి, పైకి ఐదుసార్లు నొక్కండి. ఇలా మార్చి మార్చి చేస్తుండాలి, పక్కవాళ్లు 108కు ఫోన్ చేయాలి. కనిపించని వస్తువు కోసం గొంతులో వేలు పెట్టి వెతకొద్దు. దగ్గు తెర వచ్చి తగ్గిపోయినా చూపించాలి, గింజ ఊపిరితిత్తిలో ఉండిపోవచ్చు. ఒక్క ముక్కులోంచే దుర్వాసనతో చీమిడి కారుతుంటే లోపల ఏదో ఇరుక్కుందేమోనని అనుమానించాలి. పిన్నీసుతో లాగకండి.

ఫోన్ విషయానికొస్తే, రెండు నుంచి ఐదేళ్ల పిల్లలకు టీవీ, ఫోన్ అన్నీ కలిపి రోజుకు గంట మించకూడదు. అదీ పక్కన పెద్దవాళ్లు ఉండి. ఎంత తగ్గితే అంత మంచిది.

వెనక నుంచి పేరు పెట్టి పిలిస్తే, టీవీ ఆపి ఉన్నా తిరగకపోతే చెవులు పరీక్ష చేయించండి. తరచూ జలుబు చేసే పిల్లల్లో చెవి పొర వెనక నీరు చేరి వినికిడి మందగిస్తుంది. రంగుల పేర్లు తారుమారు చేస్తే భయం లేదు. కానీ పేరు అడగకుండా ఎర్ర, ఆకుపచ్చ డబ్బా మూతలు ఇచ్చి ఏ రంగువి ఆ రంగు వేరు చేయమన్నా కలిపేస్తుంటే కంటి డాక్టరుకు చూపించండి. సుద్ద, మట్టి తినే అలవాటు, పాలిపోయిన రెప్పలు ఉంటే రక్తహీనత కావచ్చు, హిమోగ్లోబిన్ చూశాకే మందు. మాటలు బయటివాళ్లకు అర్థం కాకపోయినా, వచ్చిన మాటలు పోతున్నా ఆలస్యం చేయొద్దు. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీల్లో పిల్లలను పరీక్షించే ఏర్పాటు 2013 నుంచి ఉంది. అవసరమైతే అక్కడి నుంచే పై ఆసుపత్రికి పంపుతారు.

ఇవేవీ లేకుంటే నెల రోజులు ఇలా ఆడించండి. అయినా మార్పు లేదనిపిస్తే పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడు, ఆట మధ్యలో వాడికి తెలియకుండా తీసిన రెండు నిమిషాల వీడియో తీసుకెళ్లండి. ఆసుపత్రి గదిలో చాలామంది పిల్లలు మాట్లాడరు.