గుట్ట మీద దొరికిన మొక్క స్నేక్ ప్లాంటేనా?

గుట్ట మీద రాళ్ల సందున స్నేక్ ప్లాంట్‌లాంటి మొక్క కనిపించిందని, నర్సరీలో చూపిస్తే అది ‘జైలానికా’ అనే జాతి అన్నారని, పుస్తకాల్లో ఒకచోట శాన్సెవీరియా, మరోచోట డ్రసీనా అని ఉండటంతో ఏది సరైనదో తెలియడం లేదని రాశారు. జానెడున్నర పొడవు, అంగుళం వెడల్పు, దోనెలా లోపలికి వంగిన ఆకు, ఒక్కో పిలకకు పది పన్నెండు ఆకులు. మీరు చెప్పిన ఈ గుర్తులు చూస్తే అది మన చాగ. శాస్త్రనామం శాన్సెవీరియా రాక్స్‌బర్గియానా. కుండీలో పెంచుకునే స్నేక్ ప్లాంట్‌కు దగ్గరి చుట్టమే గానీ, అదే జాతి కాదు.

నేను ఇదే పొరపాటు ఎనిమిదేళ్లు చేశాను. తూర్పు కనుమల అంచున ఉన్న బంధువుల ఊళ్లో, గుడి మెట్ల పక్కన వానకు మట్టి కొట్టుకుపోయి బయటపడిన కొమ్ము (పసుపుకొమ్ములా నేలలో పాకే కాండం) ముక్క ఒకటి తెచ్చి కుండీలో నాటాను. అడ్డచారలు చూసి, అట్టముక్క మీద ‘జైలానికా’ అని రాసి గుచ్చేశాను. తరువాత ఒక నర్సరీలో అదే పేరుతో అమ్ముతున్న మొక్కను కొని, దానికీ అదే పేరుతో అట్టముక్క గుచ్చి పక్కన పెడితే, రెండింటికీ పోలికే లేదు. నర్సరీలలో జైలానికా పేరుతో అమ్మేవి చాలావరకు ట్రైఫేసియేటా రకాలే. అంటే పశ్చిమ ఆఫ్రికా నుంచి వచ్చిన మామూలు స్నేక్ ప్లాంట్. అసలు జైలానికా శ్రీలంక మొక్క. చివరికి నా రెండు అట్టముక్కలూ తప్పే!

ముందుగా చెప్పవలసింది, చారలను నమ్మకండి. నీడలో ఒకలా, ఎండలో ఒకలా ఉంటాయి. పసుపు అంచు ఉన్న స్నేక్ ప్లాంట్ ఆకును ముక్కలు చేసి నాటితే వచ్చే పిల్ల మొక్కకు ఆ అంచే ఉండదు. జాతిని రంగుతో తేల్చలేం. దానికి బదులు ఒక ఆకును అడ్డంగా కోసి చూడండి. చాగ ఆకు కోత నెలవంకలా ఉంటుంది, పైవైపు లోతైన గాడి. ట్రైఫేసియేటా ఆకు బల్లపరుపుగా, బాగా వెడల్పుగా ఉండి, మొదట్లో మాత్రమే కాడలా సన్నబడుతుంది. దానికి పిలకకు ఒకటి రెండు ఆకులు, మహా అయితే అరడజను. చాగకు ఆరు నుంచి ఇరవై నాలుగు దాకా వస్తాయి. చాగ ఆకు వీపు మీద నిలువు గీతలు ఉంటాయి, కొనలో మెత్తని ముల్లులాంటి మొన ఉంటుంది.

మా చాగ ఒక ఏడాది పూసింది. పిలక నడిమి నుంచి మూరెడు వెన్ను లేచింది, దాని మీద మొగ్గలు నాలుగేసి గుత్తులుగా. పగలంతా ముడుచుకునే ఉన్నాయి. చీకటి పడ్డాక టార్చి వేసి చూస్తే ఆరు సన్నని రేకులు వెనక్కి చుట్టుకుపోయి, ఆరు కేసరాలు బయటికి నిక్కి ఉన్నాయి. కాడ మీద తేనె చుక్కలు, వాటి చుట్టూ చీమల బారు. పూసిన పిలక ఇక కొత్త ఆకు వేయలేదు, పక్కన కొమ్ము నుంచి మరో పిలక వచ్చింది.

ఇక పేర్ల గొడవ. సామర్లకోట తోటలో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ కోరమాండల్ తీరపు మొక్కల గురించి రాస్తూ దీన్ని జైలానికా అనే అనుకున్నాడు. (అంత పెద్దాయనే పొరబడ్డాడని తెలిశాక నా అట్టముక్కల సంగతి పెద్దగా బాధించలేదు.) 1829లో షుల్టెస్ అనే వృక్షశాస్త్రవేత్తలు, తండ్రీకొడుకులు, ఇది వేరే జాతి అని గుర్తించి, రాక్స్‌బర్గ్ పేరే దీనికి పెట్టారు. శాన్సెవీరియా అన్న ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) పేరు 1794లో థున్‌బెర్గ్ అనే వృక్షశాస్త్రవేత్త వాడినది. అయితే డీఎన్ఏ పరిశోధనల్లో శాన్సెవీరియాలు డ్రసీనాల మధ్యనే ఒక కొమ్మగా తేలాయి. రెండింటినీ కలిపినప్పుడు ముందు పుట్టిన పేరే నిలవాలి. డ్రసీనా 1767 నాటిది కాబట్టి అదే నిలిచింది. అలా 2017లో స్నేక్ ప్లాంట్ డ్రసీనా ట్రైఫేసియేటా, 2018లో మన చాగ డ్రసీనా రాక్స్‌బర్గియానా అయ్యాయి. కుటుంబం రెండింటికీ పిల్లితీగల కుటుంబమే, ఆస్పరాగేసి. మీరు ఏ పేరు రాసినా తెలిసినవారికి అర్థమవుతుంది. నేను మాత్రం అలవాటుకొద్దీ పాత పేరే వాడుతున్నాను.

సంస్కృతంలో చాగను మూర్వ అంటారు. మూర్వ నారతో పేనినది గనుక వింటికి కట్టే అల్లెత్రాటికి మౌర్వి అని పేరు. ముదురాకును చెక్క మీద పరిచి కత్తి వెనుకవైపుతో గీకి చూశాను. ఆకుపచ్చ గుజ్జు జారిపోయి, పట్టులా మెరిసే తెల్లని పోగులు మిగిలాయి. నాలుగు పోగులు కలిపి పేని లాగితే నా వేలు కోసుకుంది, తాడు మాత్రం తెగలేదు. అయితే మందుల కొట్లో మూర్వ అని అడిగితే ఇదే ఇస్తారనుకోకండి. ఒక్కో ప్రాంతంలో ఒక్కో మొక్క ఆ పేరుతో చెలామణి అవుతోంది, వాటిలో తీగ మొక్కలూ ఉన్నాయి.

పెంచుకోవాలనుకుంటే మొక్కను పెకలించకండి. ఒక్క ఆకు చాలు. నాలుగంగుళాల ముక్కలు కోసి, రెండు రోజులు ఆరనిచ్చి, మొదలు కిందికి ఉండేలా ఇసుక కలిపిన మట్టిలో గుచ్చండి. తలకిందులైతే వేరు పట్టదు, అందుకే కోసేటప్పుడే పైవైపు చిన్న గాటు పెట్టుకుంటాను. పిలక రావడానికి నెలలు పడుతుంది. ఈలోగా ఆ గుట్ట వైపు మళ్లీ వెళ్తే వెన్ను గానీ, నారింజ రంగు పండ్లు గానీ ఉన్నాయేమో చూసి రాయండి.