మీ ప్రశ్న – మా పెద్దాయన జవాబు

ప్రశ్న: ‘శంకరాభరణం’ శంకరశాస్త్రి నాటకాల్లో రామప్పంతులు వేసేవారట కదా! మా నానమ్మ చెబితే ఇంట్లో ఎవరం నమ్మలేదు. నిజమేనా?
– డిగ్రీ విద్యార్థిని, బొబ్బిలి

జవాబు: మీ నానమ్మకి నా నమస్కారాలు చెప్పమ్మా. నూటికి నూరుపాళ్లూ నిజం. శంకరశాస్త్రిగా నటించిన జె.వి. సోమయాజులు గారిది శ్రీకాకుళం జిల్లా. ఆయన తమ్ముడు రమణమూర్తి గారు 1953లో గురజాడవారి ‘కన్యాశుల్కం’ నాటకాన్ని తలకెత్తుకున్నారు. తమ్ముడు గిరీశం, అన్న రామప్పంతులు. దశాబ్దాల పాటు ఊరూరా ఆడారు.

పంతులు ఎలాంటివాడో తెలుసుగా. దొంగసాక్ష్యాలు, కోర్టు పక్షులు, పెళ్లి బేరాలు, పైపెచ్చు తాను ఉంచుకున్న వేశ్య మధురవాణి దగ్గర డాబు. ఆవిడ మెడలోని కంటె అనే నగ పట్టుకెళ్లి పెళ్లికూతురి మెడలో వేయిస్తాడు. అది కాస్తా మాయమయ్యాక, తెచ్చేదాకా గడప తొక్కవద్దని ఆవిడ నిలదీస్తే నీళ్లు నములుతాడు. ఈ వేషం వేసేవాళ్లలో చాలామంది మొదటి రంగం నుంచే వెకిలిగా నవ్వుతారు. నేను పరిషత్తు నాటకాలకి ప్రాంప్టింగు చెప్పినవాణ్ణి, పంతుళ్లని బోలెడుమందిని చూశాను. పంతులు తనని తాను పెద్దమనిషినే అనుకుంటాడు, కిటుకంతా అందులోనే ఉంది. ఆ నిండైన విగ్రహం, ఆ గొంతు, ఆ హుందాతనం పెట్టుకుని అబద్ధమాడితేనే జనం పడీపడీ నవ్వుతారు. సోమయాజులు గారికి ఆ సరంజామా అంతా పుట్టుకతోనే ఉంది. పంతులు దగ్గర డాబుగా పనికొచ్చిన హుందాతనమే శాస్త్రి దగ్గర నిజమైంది. నన్నడిగితే శాస్త్రి కంటే పంతులే కష్టం.

‘శంకరాభరణం’లో, ఎక్కడో మనసు పెట్టి పాడుతున్న కూతురు దారి తప్పితే, “శారదా!” అని ఒక్క అరుపు అరుస్తారు చూడు. అప్పటిదాకా మనిషి కదలడు, మెదలడు. మామూలు సినిమా నటుడైతే అరుపుకి ముందే కనుబొమలు ఎగరేసి మనకి కబురు పెట్టేసేవాడు. పైనుంచి వేలాడే మైకు కింద నిలబడి, ఆఖరి వరసకి కూడా మాట అందించడం అలవాటైన గొంతు అది. ఎంత సేపు దాచాలో, ఎప్పుడు వదలాలో దానికి తెలుసు.

ప్రశ్న: ఆ పాటలు ఆయనే పాడారా?
– గృహిణి, నిజామాబాద్

జవాబు: లేదమ్మా, బాలసుబ్రహ్మణ్యం గారు పాడారు. జాతీయ అవార్డు కూడా వచ్చింది. ఈసారి చూసినప్పుడు పెదవులు వదిలేసి, గొంతు నరాలూ ఛాతీ చూడండి. ఎత్తు స్వరానికి ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడే తీసుకుంటారు.

ప్రశ్న: ఆయన డిప్యూటీ కలెక్టరని విన్నాను. ఉద్యోగం మానేసి సినిమాల్లోకి వచ్చారా?
– ప్రభుత్వోద్యోగి, కర్నూలు

జవాబు: మానెయ్యలేదు బాబూ. రెవెన్యూ శాఖలో ఉంటూనే నటించారు. 1980లో ఆ సినిమా వచ్చేనాటికి యాభై దాటాయి. హీరో పక్కన డ్యూయెట్లు లేవు, ఫైట్లు లేవు, వయసు మళ్లిన హీరో! ఎవరు చూస్తారని ట్రేడులో సణిగినవాళ్లే తరువాత టిక్కెట్ల కోసం మనుషుల్ని పంపించారు. సర్కారువారు కూడా ఆయన్ని సాంస్కృతిక శాఖ డైరెక్టరుని చేశారు. మన ఆఫీసుల్లో సరైన మనిషి సరైన కుర్చీలో కూర్చోవడం ఎంత అరుదో మీకు నేను చెప్పాలా!

ప్రశ్న: శాస్త్రి పాత్ర ఆయనకి మేలు చేసిందా, కీడా?
– రిటైర్డ్ టీచరు, తెనాలి

జవాబు: రెండూనండి మాస్టారూ. పేరు వచ్చింది, దాంతోపాటే ముద్ర కూడా పడింది. గుడి, గురువు, తంబురా ఉంటే కబురు ఆయనకే. బాపు గారి ‘త్యాగయ్య’ చేశారు కానీ, పాత ‘త్యాగయ్య’లో నాగయ్య గారిని చూసిన కళ్లకి అది ఆనలేదు. నాకు ఎక్కువ కోపం దేనికంటే, ఒక్కరైనా తెరమీద ఆయనకి పంతులులాంటి టక్కరి వేషం నిండుగా ఇవ్వలేదు. 2004 ఏప్రిల్‌లో పోయారు, ఇక ఆ ముచ్చట తీరదు.

అయితే ‘సప్తపది’ మాత్రం మళ్లీ చూడండి. అందులో ఆయన వేసిన యాజులు అనే నిష్ఠ గల పెద్దాయన, వేణువు వాయించే దళిత యువకుడి మీద మనవరాలికి ఉన్న ప్రేమని తెలుసుకుని, ఊరు ఏమనుకున్నా తానే ఆమెని అతనితో పంపిస్తాడు. శంకరశాస్త్రి కంటే నాకు ఆ యాజులు గారే ఎక్కువ ఇష్టం. కాదంటే కార్డు రాయండి, వచ్చేవారం పోట్లాడుకుందాం.