అతుక్కుపోయిన హెడ్ గాస్కెట్‌ను గ్రైండర్‌తో తీయించవచ్చా?

పాత కారు హెడ్డు (ఇంజన్ పైమూత) విప్పితే, దానికీ కింది బ్లాకుకూ మధ్య బిగించే గాస్కెట్ సగం బ్లాకుకే అతుక్కుని ఉందనీ, రాయగడలో మీ మెకానిక్ గ్రైండర్‌కు రాపిడి డిస్కు బిగించి ఐదు నిమిషాల్లో తీసేస్తానంటున్నాడనీ అడిగారు. ఒప్పుకోకండి. మొహమాటపడకుండా వద్దని చెప్పండి.

నాది కొరాపుట్ జిల్లా జయపురంలో షెడ్డు. సాలూరు నుంచి సుంకి ఘాటు ఎక్కుతూ వేడెక్కి గాస్కెట్ కాల్చుకున్న బండ్లు మాకు కొత్త కాదు. అలాంటి జీపొకటి వేరే చోట హెడ్డు పని చేయించుకుని, కొన్నాళ్లకే కింద నుంచి టకటక చప్పుడుతో మా దగ్గరకు వచ్చింది. సంపు (ఇంజన్ అడుగున ఉండే ఆయిల్ తొట్టి) దింపి, క్రాంక్ షాఫ్ట్‌ను మోసే మెయిన్ బేరింగు విప్పాను. నున్నగా మెరవాల్సిన ముఖమంతా సన్నని గీతలు, మధ్యమధ్య దిగబడిన నల్లని నలుసులు. గోరుతో గీస్తే గరగరమంది. గాస్కెట్‌ను డిస్కుతోనే తీశారని యజమాని అప్పుడు చెప్పాడు.

ఆ డిస్కుల్లో ఉండేది అల్యూమినియం ఆక్సైడ్. బేరింగు లోహం దాని ముందు మెత్తన. బ్లాకు పైముఖంలో కనిపించే ఆయిల్ రంధ్రం ఫిల్టరు దాటాక వచ్చే దారి కాబట్టి, అందులో పడిన పొడిని పట్టుకునేది ఏమీ ఉండదు. పైగా అల్యూమినియం ముఖాన్ని డిస్కు ఒకచోట ఎక్కువ, ఒకచోట తక్కువ తినేస్తుంది. కంటికి శుభ్రంగానే కనిపిస్తుంది, కొత్త గాస్కెట్ మాత్రం అక్కడ పట్టు నిలుపుకోదు.

మరి ఎలా తీయాలంటే, ముందు హెడ్డుకూ బ్లాకుకూ అయస్కాంతం పెట్టి చూడండి. అంటుకుంటే ఇనుము, లేకపోతే అల్యూమినియం. పాత పెట్రోలు అంబాసిడర్‌కు హెడ్డు, బ్లాకు రెండూ పోత ఇనుమే కాబట్టి స్టీలు బ్లేడు తట్టుకునేది. అల్యూమినియానికి ప్లాస్టిక్ లేదా ఇత్తడి గీకుడు బద్దే వాడాలి.

సిలిండర్లలో, నీటి దారుల్లో, ఆయిల్ రంధ్రాల్లో గుడ్డలు కుక్కండి. గాస్కెట్ రిమూవర్ స్ప్రే చల్లి పది పదిహేను నిమిషాలు దాని జోలికి వెళ్లకండి. పని అంతా ఈ ఆగడంలోనే ఉంది, మన షెడ్లలో ఎవరూ ఆగనిదీ ఇక్కడే. గాస్కెట్ ఉబ్బి మెత్తబడ్డాక బద్దను దాదాపు పడుకోబెట్టి తోస్తే పొరలుగా లేస్తుంది. లేవని చోట బలం పెట్టకుండా మళ్లీ చల్లి, మళ్లీ ఆగండి. చేతులకు తొడుగులు తప్పనిసరి, ఆ మందు చర్మాన్నీ పెయింటునూ కాలుస్తుంది. నిప్పు, హీట్ గన్ దగ్గరకు రానివ్వవద్దు. పాత గాస్కెట్లలో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కనుక పొడిగా గీకి దుమ్ము లేపవద్దు, ఎప్పుడూ తడిగా ఉంచే గీకండి.

చాలామంది మరిచేది బోల్టు రంధ్రాలు. అడుగున నీరో ఆయిలో నిలిచి ఉంటే, బోల్టు బిగించేటప్పుడు అది ఎటూ పోలేక బ్లాకునే చీల్చగలదు. సిరంజితో లాగి, గుడ్డతో తుడిచి ఆరబెట్టండి. తరువాత సరిచూసే స్ట్రెయిట్ ఎడ్జ్‌ను ముఖం మీద పొడవునా, ఐమూలగా పెట్టి ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకు) దూర్చి చూడండి. చిన్న పెట్రోలు ఇంజన్లలో చాలావాటికి ఆ సందు హద్దు 0.05 మిల్లీమీటరు దగ్గర ఉంటుంది, మీ బండి మాన్యువల్‌లోని అంకెనే పాటించండి. దాటితే లేత్ షాపులో ఫేసింగ్ (ముఖం చదును) చేయించాల్సిందే. సాగేలా బిగించే రకం హెడ్ బోల్టులైతే కొత్తవి వేయించండి.

ఇప్పటికే డిస్కు తాకించి ఉంటే మాత్రం ఇంజన్ స్టార్టు చేయవద్దు. సంపు దింపించి, ఆయిల్ దారులన్నీ కడిగించి, ఒక బేరింగు మూత విప్పి లోపలి ముఖం చూపించమనండి. అది శుభ్రంగా ఉందని మీ కంటితో చూశాకే హెడ్డు ఎక్కించనివ్వండి.