బ్రౌన్స్ చేతిలో రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, మన కుర్రాళ్ల మధ్య ఒకటే వాదన

ప్రశ్న: మా అన్నయ్య క్లీవ్‌లాండ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. ఆయన వల్ల నాకూ, నా ఫ్రెండ్స్‌కీ అమెరికన్ ఫుట్‌బాల్ పిచ్చి పట్టుకుంది. 2026 డ్రాఫ్ట్ (కాలేజీ కుర్రాళ్లను జట్లు వంతులవారీగా ఏరుకునే కార్యక్రమం) మొదటి రౌండ్‌లో క్లీవ్‌లాండ్ బ్రౌన్స్‌కి సొంత పిక్‌తో, అంటే ఏరుకునే వంతుతో పాటు జాక్సన్‌విల్ జాగ్వార్స్ పిక్ కూడా ఉంది కదా, ఆ రెండింటితో ఎవరిని తీసుకుంటారని సాయంత్రం కాలేజీ గ్రౌండ్ దగ్గర రోజూ వాదనే. మా అందరి అంచనాల కాగితం జత చేశాను. ఎవరిది కరెక్టో మీరే చెప్పాలి.
– డిగ్రీ విద్యార్థి, బరంపురం

జవాబు: తమ్ముడూ, కాగితం చూశాను. పాత క్యాలెండర్ షీటు వెనక స్కేలు పెట్టి గళ్లు గీసి, సగం తెలుగులో సగం ఒడియాలో నింపారు. ఆరుగురిలో ఐదుగురు మొదటి గడిలో క్వార్టర్‌బ్యాక్ (బంతి విసురుతూ ఆట నడిపేవాడు) అనే రాశారు. ఒక్క కుర్రాడు మాత్రం లెఫ్ట్ టాకిల్ (ముందు వరసలో నిలబడి క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడేవాడు) అని రాసి పక్కన చిన్న ప్రశ్నార్థకం పెట్టాడు. నేను ఆ కుర్రాడి వైపు, ఆ ప్రశ్నార్థకం కొట్టేయమని చెప్పు.

ఈ రెండో పిక్ ఎలా వచ్చిందో మిగతా పాఠకుల కోసం ముందు చెప్తాను. 2025 డ్రాఫ్ట్‌లో బ్రౌన్స్‌ది రెండో స్థానం. దాడిలోనూ డిఫెన్స్‌లోనూ ఆడే ట్రావిస్ హంటర్ కోసం జాగ్వార్స్ ఆ స్థానం అడిగారు, బదులుగా తమ ఐదో స్థానం, రెండో రౌండ్‌లో 36వది, ఇంకొన్ని మార్పులతో పాటు 2026 మొదటి రౌండ్ పిక్ ఇచ్చారు. బ్రౌన్స్ ఐదో స్థానంలో డిఫెన్స్ ఆటగాడు మేసన్ గ్రాహంని తీసుకున్నారు. బేరం మంచిదేనని నా అభిప్రాయం. కానీ బేరం బాగుంటే పని అయిపోయినట్టు కాదు, ఈ జట్టు విషయంలో అసలే కాదు, ఎందుకంటే బ్రౌన్స్ అచ్చం ఇలాంటి బేరమే ఇంతకుముందు ఒకసారి చేసి చేతులు కాల్చుకున్నారు.

అది 2011. విసిరిన బంతిని అందుకునే జూలియో జోన్స్ కావాలని అట్లాంటా జట్టువాళ్లు వస్తే బ్రౌన్స్ తమ ఆరో స్థానం ఇచ్చేసి బోలెడు పిక్‌లు తెచ్చుకున్నారు, అందులో మరుసటి ఏడాది ఫస్ట్ రౌండ్ కూడా ఉంది. అప్పుడూ అభిమానులంతా సంబరపడ్డారు, 2012లో మనకి రెండున్నాయి, రాత మారిపోతుందని. తీరా ఏమైంది? నాలుగో స్థానం నుంచి ఒక్క మెట్టు ఎక్కడానికి మరో మూడు పిక్‌లు ధారపోసి రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తేవాడు) ట్రెంట్ రిచర్డ్‌సన్‌ని తీసుకున్నారు, రెండో సీజన్ మొదలైన కొద్ది రోజులకే అతణ్ణి ఇండియానాపొలిస్ జట్టుకి ఇచ్చేశారు. అట్లాంటా నుంచి వచ్చిన 22వ పిక్‌తో అప్పటికే 28 ఏళ్లున్న క్వార్టర్‌బ్యాక్ బ్రాండన్ వీడెన్‌ని తెచ్చారు. అతనూ రెండు సీజన్లే.

ఈ 22వ నంబరు సంగతి ఇంకాస్త ఉంది. 2007లో బ్రేడీ క్విన్, 2012లో వీడెన్, 2014లో జానీ మాంజియెల్, ముగ్గురూ క్వార్టర్‌బ్యాక్‌లే, ముగ్గురూ బ్రౌన్స్‌కి 22వ పిక్‌తోనే వచ్చారు, ఒక్కరూ నిలవలేదు. అభిమానులు దాన్ని శాపం అంటారు. శాపం ఏమీ లేదు. మంచి క్వార్టర్‌బ్యాక్‌లు అయిపోయాక కూడా, ఎలాగూ చేతిలో ఇంకో పిక్ ఉంది కదా అని ఆ కుర్చీలో ఎవరో ఒకరిని కూర్చోబెట్టాలన్న తొందర, అంతే.

అదే ఏడాదుల్లో వాళ్లు సరిగ్గా చేసిన పనులు చూడు. 2007లో మూడో పిక్‌తో లెఫ్ట్ టాకిల్ జో థామస్‌ని తీసుకున్నారు. మిగతా కుర్రాళ్లు సూట్లు వేసుకుని కెమెరాల ముందు కూర్చుంటే అతను వాళ్ల నాన్నతో కలిసి మిషిగన్ సరస్సు మీద పడవలో చేపలు పడుతూ ఆ కబురు విన్నాడు. ఆ తర్వాత వరసగా 10,363 సార్లు, ఒక్కసారి కూడా పక్కకు తప్పుకోకుండా, జట్టు బంతి అందుకున్న ప్రతిసారీ మైదానంలో నిలబడ్డాడు. 2023లో దిగ్గజాలకిచ్చే హాల్ ఆఫ్ ఫేమ్ గౌరవం అందుకున్నాడు. మాంజియెల్‌ని తీసుకున్న 2014లోనే రెండో రౌండ్ 35వ పిక్‌తో జోయెల్ బిటోనియో అనే గార్డ్, టాకిల్ పక్కనే నిలబడేవాడు, వచ్చాడు. మాంజియెల్ రెండేళ్లకే జట్టు నుంచి వెళ్లిపోయాడు, బిటోనియో పదేళ్లు దాటాక కూడా అదే జెర్సీలో ఆడాడు. క్వార్టర్‌బ్యాక్‌ని కాపాడే ఆ ముందు వరసకి, అంటే లైన్‌కి, 2025 నాటికి వయసు మీద పడింది, నేను లెఫ్ట్ టాకిల్ అంటున్నది అందుకే. ఎవరు వచ్చి బంతి విసరాలన్నా ముందు అతని మీదకు దూకేవాళ్లను ఆపే మనిషి ఉండాలి కదా.

మీ వాళ్లు క్వార్టర్‌బ్యాకే కావాలంటే నాకు కోపం లేదు, నిజంగా మొదటి స్థాయి కుర్రాడు మన వంతు వచ్చేదాకా మిగిలి ఉంటే కళ్లు మూసుకుని తీసుకోవచ్చు. మిగలకపోతే మాత్రం 22వ నంబరు కథ మళ్లీ మొదలుపెట్టొద్దు. 2025లోనే మూడో రౌండ్‌లో డిలన్ గాబ్రియెల్‌ని, ఐదో రౌండ్‌లో షెడూర్ శాండర్స్‌ని, ఇద్దరు క్వార్టర్‌బ్యాక్‌లను తీసుకున్నారని కూడా మీ కాగితంలో ఎవరూ లెక్క వేయలేదు.

ప్రశ్న: ఐపీఎల్‌లో, కబడ్డీలో వేలం ఉంటుంది, డబ్బున్నవాడు కొనుక్కుంటాడు. ఈ డ్రాఫ్ట్‌లో చివర వచ్చిన జట్టుకే మొదటి అవకాశం ఇవ్వడం ఏం న్యాయం?
– బ్యాంకు ఉద్యోగి, రాయగడ

జవాబు: న్యాయమేనండీ, చిన్నప్పుడు మైదానంలో ఇద్దరు కెప్టెన్లు ఒకరి తర్వాత ఒకరు ఆటగాళ్లను ఏరుకునేవాళ్లం, నిన్న ఓడిన కెప్టెన్‌కి ఇవాళ మొదటి వంతు ఇస్తే ఆట బిగువుగా ఉంటుంది. ఫిలడెల్ఫియా జట్టు యజమాని బర్ట్ బెల్ సరిగ్గా ఆ మాటే అన్నాడు, డబ్బున్న జట్లే మంచివాళ్లందరినీ ఎత్తుకుపోతున్నారని. అలా 1936లో మొదలైంది. ఆ మొదటి డ్రాఫ్ట్‌లో మొట్టమొదట ఎంపికైన జే బెర్వాంగర్ అసలు ఎన్ఎఫ్ఎల్‌లో, అంటే ఈ జట్లన్నీ ఆడే లీగ్‌లో, ఒక్క ఆట కూడా ఆడలేదు. జీతాల సంగతికొస్తే, 2010లో మొదటి పిక్ శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కి 78 మిలియన్ డాలర్ల దాకా ఒప్పందం, 2011లో నిబంధన మారాక మొదటి పిక్ కామ్ న్యూటన్‌కి సుమారు 22 మిలియన్లు. స్థానాన్ని బట్టే జీతం కాబట్టి ఇక్కడ పర్సు బలం పనిచేయదు.

ప్రశ్న: అయితే జాగ్వార్స్ ప్రతి ఆటా ఓడిపోవాలని మేం మొక్కుకోవాలా?
– బ్రౌన్స్ అభిమాని, పర్లాకిమిడి

జవాబు: మొక్కుకోండి, తప్పులేదు. ప్లేఆఫ్స్‌కి రాని 18 జట్లకే మొదటి 18 స్థానాలు, ఫైనల్ అయిన సూపర్ బౌల్ గెలిచినవాళ్లకి ఆఖరిది, అంటే జాగ్వార్స్ ఎంత బాగా ఆడితే మన రెండో పిక్ అంత కిందకి జారిపోతుంది. 2017లో ఇలాగే హ్యూస్టన్ జట్టువాళ్లు క్వార్టర్‌బ్యాక్ డెషాన్ వాట్సన్ కోసం మన 12వ స్థానం తీసుకుని 25వ పిక్‌నీ, మరుసటి ఏడాది ఫస్ట్ రౌండ్‌నీ ఇచ్చారు. సీజన్ మధ్యలో వాట్సన్ మోకాలు దెబ్బతింది, జట్టు కూలిపోయింది, ఆ పిక్ ఏకంగా నాలుగోది అయింది. దాంతో వచ్చినవాడే డెంజెల్ వార్డ్, ఒహాయోలోనే పుట్టి పెరిగిన కుర్రాడు. ఆటగాళ్లకు దెబ్బలు తగలాలని మాత్రం కోరుకోవద్దు. మరో మాట బాధగా ఉన్నా చెప్పాలి: అప్పుడు వదులుకున్న అదే వాట్సన్ కోసం 2022లో బ్రౌన్స్ మూడు ఫస్ట్ రౌండ్ పిక్‌లు ఇచ్చారు, పైగా 230 మిలియన్ డాలర్లు గ్యారంటీ. ఇంత ఖరీదైన బేరం ఈ జట్టు చరిత్రలో నాకు ఇంకోటి కనిపించదు, ఆ పిక్‌లు ఉండి ఉంటే ఇవాళ లైన్ గురించి ఇంత టెన్షన్ పడేవాళ్లం కాదు.

ప్రశ్న: మావాడికి పరీక్షలున్నాయి. డ్రాఫ్ట్ అంటూ రాత్రంతా మేలుకుంటానంటున్నాడు. ఏం చెయ్యమంటారు?
– ఒక తల్లి, జయపురం

జవాబు: అమ్మా, రాత్రంతా మేలుకోవాల్సిన పనే లేదు. డ్రాఫ్ట్ పిట్స్‌బర్గ్‌లో 2026 ఏప్రిల్ 23 గురువారం అక్కడి టైము రాత్రి 8కి మొదలు, మనకది శుక్రవారం తెల్లవారుజామున 5:30. పెందలాడే పడుకుని లేచి మొదటి పది పేర్లు చూసి పుస్తకం తియ్యమనండి. రెండు, మూడు రౌండ్లు శనివారం 4:30కే, అవి వదిలేసి తర్వాత ఫలితాలు చూసుకోవచ్చు. నాలుగో రౌండ్ నుంచి మాత్రం శనివారం రాత్రి 9:30కి. మర్నాడు ఆదివారం కనక కాసేపు చూడనివ్వండి. చాలామంది మొదటి రౌండ్‌లోనే పోతాడని రాసిన షెడూర్ శాండర్స్‌ని 2025లో బ్రౌన్స్ 144వ పిక్‌తో తీసుకున్నది కూడా ఆ శనివారం రౌండ్లలోనే.