డబ్బాలైతే పర్లేదు, ప్రశ్న గుర్తులైతేనే తంటా

ప్రశ్న: మా ఇంటర్ పిల్లల కోసం న్యూటన్ రసవాదం (లోహాలను బంగారంగా మార్చాలని చూసిన పాత విద్య) మీద చిన్న నోట్స్ తయారు చేశానండీ. నిప్పు, గంధకం గుర్తులు నెట్‌లో దొరికితే కాపీ చేసి పెట్టుకున్నాను. నా ల్యాప్‌టాప్‌లో బాగానే ఉన్నాయి, పిల్లల ఫోన్లలో మాత్రం డబ్బాలు డబ్బాలుగా వస్తున్నాయట. అదే నోట్స్ ఒక సైటులో పెడితే అన్నీ ప్రశ్న గుర్తులైపోయాయి. వీటిని బొమ్మలుగా పెట్టేయడమే నయమా?
– కెమిస్ట్రీ లెక్చరర్, తెనాలి

జవాబు: బొమ్మలు వద్దండీ, పెడితే రేపు వెతుక్కోవడానికి దొరకవు. మీకు వచ్చినవి రెండూ వేరువేరు జబ్బులు. డబ్బా కనిపించిందంటే అక్షరం భద్రంగానే ఉంది, దాన్ని గీసి చూపించే ఫాంట్ ఆ ఫోన్‌లో లేదు, అంతే. ఒకప్పుడు తెలుగు మెయిల్ తెరిస్తే మనకూ ఇవే డబ్బాలు కదా! ప్రశ్న గుర్తు వచ్చిందంటే మాత్రం అక్షరం దారిలోనే పోయింది, ఏ ఫాంట్ వేసినా తిరిగి రాదు.

ఎందుకు పోతుందంటే, కంప్యూటర్‌లో అక్షరాలను దాచే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికి 3 బైట్లు (దాచే చోటుకి కొలత) పడితే ఈ గుర్తులకు 4 పడతాయి, సైటు సమాచారం దాచుకునే కొన్ని పాత డేటాబేసులు 3 దగ్గరే ఆగిపోతాయి. నాకూ ఒకసారి ఇలాగే తెలుగంతా చక్కగా వచ్చి గుర్తులు మాత్రం మాయమైతే, తప్పు నాదేననుకుని ఒక పూటంతా మళ్లీ మళ్లీ టైపు చేశాను. మీరు అంత కష్టపడక్కర్లేదు, ఆ సైటులో ఒక నవ్వు ముఖం ఎమోజీ వేసి చూడండి. దానికీ 4 బైట్లే పడతాయి కాబట్టి అదీ ప్రశ్న గుర్తయితే దోషం సైటుదే.

అసలు ఈ గుర్తులు యూనికోడ్‌లోకి (అన్ని భాషల అక్షరాలకూ, గుర్తులకూ నంబర్లిచ్చే పట్టికలోకి) వచ్చిందే న్యూటన్ పుణ్యమా అని. ఇండియానా యూనివర్సిటీలో ఆయన రసవాద రాతప్రతులను కంప్యూటర్‌కి ఎక్కిస్తున్నవాళ్లు అడిగితే, 2010లో 6.0 వెర్షన్‌లో 116 గుర్తులు చేర్చారు. నిప్పు 🜂 నంబరు 1ఎఫ్702, గంధకం 🜍 1ఎఫ్70డి. వర్డ్‌లో ఆ నంబరు ఇంగ్లిష్ అక్షరాలతో కొట్టి, ఆల్ట్ నొక్కి పట్టుకుని ఎక్స్ నొక్కితే గుర్తు వచ్చేస్తుంది. ముక్కోణమే కదా అని నిప్పుకి జామెట్రీ ముక్కోణం △ పెట్టేస్తుంటారు కొందరు, చూడ్డానికి ఒకటే గానీ కంప్యూటర్‌కి అది వేరే అక్షరం.

రాగి, ఇనుము, సీసం, పాదరసం కోసం ఆ 116లో వెతక్కండి. రసవాదులు లోహాలకు గ్రహాల గుర్తులే వాడారు కాబట్టి శుక్రుడు ♀ రాగి, కుజుడు ♂ ఇనుము, శని ♄ సీసం, బుధుడు ☿ పాదరసం, ఇవన్నీ గ్రహాల వరసలో ముందునుంచే ఉన్నాయి. ఇక్కడో తిరకాసు ఉంది. కొన్ని ఫోన్లు ♀, ♂ లను రంగుల ఎమోజీగా మార్చేస్తాయి, నోట్స్‌లో రాగి కాస్తా లేడీస్ టాయిలెట్ బోర్డులా కనిపిస్తుంది! గుర్తు వెనకాలే ఎఫ్‌ఈ0ఈ అనే కనిపించని అక్షరం చేరిస్తే మామూలు గుర్తుగా ఉండాలి.

పిల్లలకు వర్డ్ ఫైలు పంపకండి. గుర్తులకు నోటో శాన్స్ సింబల్స్ ఫాంట్ పెట్టి (ఉచితమే), ఫాంట్‌తో సహా పీడీఎఫ్ చేసి పంపండి. ముందు డబ్బాలు వచ్చిన ఫోన్‌లోనే ఒకసారి తెరిపించి చూడండి.