ఫోటో తీసినవాడు ఎక్కడ నిల్చున్నాడో ముందు అది రాయి తమ్ముడూ

తమ్ముడూ,

కోవిడ్ లాక్‌డౌన్ ఫోటోల మీద నువ్వు రాసిన ప్రాజెక్టు ఫైల్ మొన్న రాత్రి ఓపెన్ చేశా, 22 ఫోటోలు, 11 పేజీల రాత. రెండుసార్లు చదివా. అప్పుడే రిప్లై ఇచ్చేదాన్నే కానీ ఆగా, ఎందుకంటే నువ్వు రాసిన కొన్ని వాక్యాలు ఒకప్పుడు నేను రాసినలాంటివే, వాటిని చూస్తే నాకు నా మీదే కోపం వస్తుంది, ఆ కోపం నీ మీద పడకూడదు కదా. ఫోటోల ఎంపిక బాగుంది, కష్టపడ్డావు, అది కనిపిస్తోంది. రాత మాత్రం మళ్ళీ రాయాలి, మొత్తం.

నాలుగో ఫోటో తీసుకో, చార్మినార్ ముందు ఖాళీ రోడ్డు, 2020 ఏప్రిల్ చివర్లోది. దాని కింద నువ్వు ఏం రాశావు? "మనిషి జాడ లేని మహానగరపు మౌన రోదన" అని. సరే, ఇప్పుడు ఆ ఫోటోని స్క్రీన్ మీద పెద్దది చేసి ఎడమ పక్క కింద మూల చూడు. రేడియం జాకెట్ వేసుకుని ఒకావిడ ఊడుస్తోంది, చీపురు కూడా కనిపిస్తోంది, పక్కన చెత్త బండి ఉంది, ఆ వెనక బారికేడ్ దగ్గర కుర్చీలో ఒక పోలీసాయన. ఇద్దరు మనుషులున్నారు తమ్ముడూ ఆ ఫోటోలో, నువ్వు జాడే లేదన్నావు. నువ్వు చూడకుండా రాశావని నేననను, చూశావు, కానీ "ఖాళీ నగరం" అనే మాట నీ బుర్రలో ముందే రెడీగా ఉంది, ఆ మాటకి అడ్డొచ్చిన ఆవిడ నీ కంటికి ఆనలేదు. అప్పుడు ప్రపంచంలో ప్రతి ఊళ్ళో ఈ ఖాళీ రోడ్ల ఫోటోలు తీశారు, న్యూయార్క్, రోమ్, మన ట్యాంక్‌బండ్, వాటిలో చాలావాటిలో ఇలా మూలన ఎవరో ఒకరు పనిచేస్తూ ఉంటారు. ఇంకోటి, ఆ ఏడాది రంజాన్ ఏప్రిల్ 25న మొదలైంది, మామూలుగా అయితే ఆ రోడ్డు మీద రాత్రి రెండింటికి కూడా అడుగు పెట్టే సందుండదు, గాజుల షాపులు, హలీమ్ బట్టీలు, ఆ జనం. ఆ విషయం తెలిసినవాడికి ఆ ఖాళీ వేరేగా తగుల్తుంది. అది రాయి. రోదన అక్కర్లేదు.

నేను చేసే పద్ధతి ఒకటి చెప్తా, పాతకాలపు పద్ధతే, కానీ నన్ను చాలాసార్లు కాపాడింది. ఫోటో ముందు పెట్టుకుని పావుగంట సేపు కేవలం అందులో ఉన్న వస్తువుల పేర్లు రాస్తా, విశేషణం ఒక్కటి కూడా రానివ్వను. సంచి, ప్లాస్టిక్ బాటిల్, ఎడమ కాలికి చెప్పు, కుడి కాలికి గుడ్డ చుట్టి ఉంది, మైలురాయి, నీడ కుడివైపుకి. అలా. ఆ తర్వాత ఒకే ఒక్క ప్రశ్న వేసుకుంటా: ఈ ఫోటో తీసిన మనిషి ఎక్కడ నిల్చున్నాడు? రోడ్డు మీదా, ఫ్లైఓవర్ మీదా, కారులోనా, వాళ్ళతో పాటు నడుస్తూనా, దూరంగా పెద్ద లెన్స్ పెట్టుకునా, అసలు ఆ టైంలో అక్కడికి ఎలా రాగలిగాడు, ఎవరు రానిచ్చారు. మిగతా విశ్లేషణ అంతా దీన్నించే వస్తుంది, నా అనుభవంలో అయితే అంతే.

ఇది నాకు ఎలా తెలిసొచ్చిందో చెప్పాలి. 2020 ఏప్రిల్‌లో నేను ఒక పత్రిక ఆదివారం పేజీకి రాసేదాన్ని, ఏ పత్రికో వదిలేయ్. మేడ్చల్ దాటాక 44వ నెంబర్ హైవే మీద పోతున్న ఒక గుంపు ఫోటో డెస్క్‌కి వచ్చింది, ముందు ఒకామె, నెత్తిన మూట, చంకలో పిల్ల. నేను క్షణం ఆలోచించకుండా "గమ్యం తెలియని నడకలో వలస పక్షులు" అని క్యాప్షన్ రాసేశా, అందరూ బాగుందన్నారు కూడా. నెల తర్వాత ఆ ఫోటో తీసినాయనతో ఫోన్లో మాట్లాడుతుంటే ఆయన మాటల మధ్యలో అన్నాడు, వాళ్ళది మధ్యప్రదేశ్‌లో బాలాఘాట్ వైపు అమ్మా, కామారెడ్డి ఎంత, నిర్మల్ ఎంత, ఆదిలాబాద్ ఎంత, నాగపూర్ ఎంత అన్నీ నోటికొచ్చు వాళ్ళకి, రోజుకి ఎన్ని మైలురాళ్ళు దాటాలో లెక్క వేసుకుని నడుస్తున్నారు అని. నేను ఫోన్ పట్టుకుని అలాగే కూర్చున్నా. గమ్యం తెలియనిది ఎవరికి? ఆ రోడ్డు మీద ప్రతి అడుగూ ఎటు పోతుందో తెలిసింది వాళ్ళకే, తెలియనిది ఇంట్లో కూర్చున్న నాకు. పక్షులన్నానా, పక్షికి ఇంటద్దె బాకీ ఉండదు, మేస్త్రీ ఆపేసిన కూలి ఉండదు. ఆ ఒక్క ఫోన్ ముందే చేసుంటే ఆ క్యాప్షన్ రాసేదాన్ని కాదు. నీ 11 పేజీల్లో "గమ్యం లేని" అనే మాట మూడుసార్లుంది, తీసెయ్.

లెన్స్ గురించి నువ్వు ఒక పేరా కూడా రాయలేదు, ఫోటోగ్రఫీ స్టూడెంట్‌వి, ఇది మాత్రం నాకు ఆశ్చర్యం. 2020 ఏప్రిల్‌లో డెన్మార్క్‌లో రిట్జౌ స్కాన్‌పిక్స్ అనే ఫోటో ఏజెన్సీ ఒక పని చేసింది, కోపెన్‌హాగన్‌లో ఒకే చోట ఉన్న ఒకే జనాన్ని ఇద్దరు ఫోటోగ్రాఫర్లతో దూరంవాటిని దగ్గరకి లాగే టెలీ లెన్స్‌తో ఒకసారి, వెడల్పుగా చూపించే వైడ్ లెన్స్‌తో ఒకసారి తీయించింది. టెలీలో చూస్తే జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడిపోతున్నట్టుంటారు, అదే జనం వైడ్‌లో బారెడు బారెడు దూరంలో ఉంటారు. రెండూ అబద్ధం కాదు, కానీ "జనానికి బుద్ధి లేదు" అని హెడ్డింగ్ పెట్టేవాడికి మొదటిదే కావాలి. ఇప్పుడు నీ ఫైల్లో 9, 10 ఫోటోలు చూడు, ఒకటి వైన్ షాపు ముందు క్యూ, ఒకటి రైతుబజార్. రెండూ దూరం నుంచి టెలీతో తీసినవే అని నాకనిపిస్తోంది, వెనకున్న బోర్డులు ఎంత దగ్గరగా నొక్కుకుపోయి కనిపిస్తున్నాయో చూస్తే తెలుస్తుంది. ఆ ఫోటో పెట్టుకుని నువ్వు జనం నిర్లక్ష్యం గురించి ఒక పేజీ రాశావు. ముందు మనుషుల మధ్య దూరం ఎంతుందో తేల్చుకుని అప్పుడు వాళ్ళని తిట్టు.

ఇక అసలు ఫోటోలకి వద్దాం. 2020 మార్చి 24 రాత్రి 8 గంటలకి లాక్‌డౌన్ ప్రకటన, 12 నుంచి దేశమంతా మూత, మధ్యలో ఉన్నది 4 గంటలు. రెండు రోజుల తర్వాత ఢిల్లీ శివార్లలో రాయిటర్స్ వార్తా సంస్థ ఫోటోగ్రాఫర్ డానిష్ సిద్దిఖీ తీసిన ఫోటో నువ్వు మొదట పెట్టావు, తండ్రి భుజాల మీద ఐదేళ్ళ కొడుకు. మంచి పని చేశావు. కానీ నువ్వు ఆ పిల్లాడి కళ్ళ గురించే రాశావు. కెమెరా ఎత్తు చూశావా? ఆయన వంతెన ఎక్కి కిందికి చూసి తీసింది కాదు, అదే రోడ్డు మీద, ఆ తండ్రికి ఎదురుగా ఉండి తీసింది. ఆ కథ కూడా రోడ్డు మీదే ఆగలేదు, ఆ కుటుంబాన్ని తర్వాత వాళ్ళ ఊళ్ళో కలిసి రాయిటర్స్ మళ్ళీ రాసింది. డానిష్ 2021 జులైలో ఆఫ్ఘనిస్తాన్‌లో చనిపోయాడు, కోవిడ్ ఫోటోలకి 2022లో పులిట్జర్ అవార్డు వచ్చినప్పుడు తోటి రాయిటర్స్ ఫోటోగ్రాఫర్లు అద్నాన్ అబిదీ, సనా ఇర్షాద్ మట్టూ, అమిత్ దవేలతో పాటు ఆయన పేరు కూడా ఉంది, అందుకోవడానికి ఆయన లేడు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నాకు ఎలాగో ఉంటుంది.

దాని పక్కన పీటీఐ వార్తా సంస్థ ఫోటోగ్రాఫర్ అతుల్ యాదవ్ తీసిన ఫోటో, ఢిల్లీలో నిజాముద్దీన్ వంతెన దగ్గర రోడ్డు పక్కన కూర్చుని ఫోన్లో మాట్లాడుతూ ఏడుస్తున్న మనిషి, 2020 మే. ఆ ఫోటో ఒక్కటే చూస్తే ఏడుస్తున్నాడని తప్ప ఏమీ తెలీదు. బీహార్ బెగుసరాయ్ దగ్గర ఊళ్ళో పసిబిడ్డ పోయే స్థితిలో ఉన్నాడని, ఈయన పోలేక మూడు రోజులుగా అక్కడే చిక్కుకుపోయాడని, ఇదంతా ఫోటోగ్రాఫర్ ఆగి, నీళ్ళు బిస్కెట్లు ఇచ్చి, అడిగితే తెలిసింది. హడావుడిలో పేరు కూడా అడగలేదని తర్వాత ఆయనే చెప్పుకున్నాడు, పేరు తర్వాత బయటికొచ్చింది. నీ ప్రాజెక్టుకి ఇది బంగారం లాంటి విషయం: ఫ్రేమ్‌లో ఉన్నది ఎంత, క్యాప్షన్ తెచ్చింది ఎంత, తర్వాత రోజుల్లో కలిసింది ఎంత, ఈ మూడూ విడివిడిగా రాయి. నువ్వు మూడూ కలిపి ఒకే ముద్ద చేశావు, చదివేవాడికి అన్నీ ఆ ఫోటోలోనే ఉన్నాయేమో అనిపిస్తుంది.

ఇప్పుడు నీ ఫైల్లో లేని ఫోటో గురించి. 2020 ఏప్రిల్‌లో మన ములుగు జిల్లాలో మిరప తోటల్లో కాయ ఏరడానికి వచ్చిన ఛత్తీస్‌గఢ్ బీజాపూర్ వైపు పన్నెండేళ్ళ ఆదివాసీ అమ్మాయి, పని ఆగిపోతే తనవాళ్ళతో కలిసి ఇంటికి నడిచి నడిచి ఏప్రిల్ 18న ఇంకొద్ది దూరంలో ఊరు ఉందనగా చనిపోయింది. రోడ్ల మీద ఆపుతారని వాళ్ళు అడవి దారిన పోయారు. ఆ నడక ఫోటో నేను ఎక్కడా చూడలేదు. ఎందుకుంటుంది, కెమెరాలు హైవేల మీద ఉన్నాయి, పాసులున్న కార్లు పోగలిగే చోట ఉన్నాయి. మే 8న మహారాష్ట్రలో ఔరంగాబాద్ దగ్గర రైలు కింద 16 మంది పోయారే, వాళ్ళూ రోడ్డు వదిలి పట్టాల వెంట నడిచినవాళ్ళే, వాళ్ళు నడిచినప్పుడు ఎవరూ చూడలేదు, తెల్లారాక పట్టాల మీద చెల్లాచెదురైన రొట్టెల ఫోటో మాత్రం దేశమంతా చూసింది. ఆ రొట్టెల మీద నువ్వు ఒకటిన్నర పేజీ రాశావు, అందులో "ఆకలి" అనే మాట ఎనిమిది సార్లుంది, కానీ ఫోటోగ్రాఫర్ అక్కడికి ఎప్పుడు వచ్చాడనేది ఒక్కసారి కూడా లేదు. అంతా అయిపోయాక వచ్చిన ఫోటో అది, అందుకే అందులో మనుషులు లేరు. లాక్‌డౌన్ నడకల గురించి మన దగ్గరున్న బొమ్మలు చాలావరకు పెద్ద రోడ్ల బొమ్మలే, అడవి దారుల గురించి కొన్ని లైన్ల వార్తలే మిగిలాయి, నీ ప్రాజెక్టులో ఒక పేజీ ఖాళీ ఫ్రేమ్ పెట్టి దాని కింద ఈ సంగతి రాయి. మీ సార్ ఒప్పుకోకపోతే నాతో మాట్లాడించు.

లింగంపల్లి రైలు ఫోటోలు మూడు పెట్టావు. మే 1 తెల్లారకముందే బయల్దేరింది, జార్ఖండ్‌లోని హతియాకి, వలస కూలీల్ని ఇళ్ళకి చేర్చడానికి వేసిన శ్రామిక్ రైళ్ళలో దేశంలోనే మొదటిది, 24 బోగీలు, సుమారు 1200 మంది, 72 మంది పట్టే బోగీలో 54 మందే. అంకెలు నువ్వూ సరిగ్గానే రాశావు. ఫోటో ఎవరిదో చెప్పే క్రెడిట్ లైన్ మాత్రం మూడింటికీ కోసేశావు! అది పత్రికవాళ్ళు తీసిందా, ప్రభుత్వం వాళ్ళు ఇచ్చిందా అన్నదాన్ని బట్టి ఆ కిటికీలోంచి ఊపుతున్న చేతుల్ని మనం చదివే తీరు మారుతుంది కదా. వెతికి పెట్టు.

బ్రెజిల్ ఫోటో, మాడ్స్ నిస్సెన్ అనే ఫోటోగ్రాఫర్‌ది, ప్లాస్టిక్ కర్టెన్‌లోంచి పెద్దావిడని నర్సు కౌగిలించుకున్నది, అది నాకూ ఇష్టం, అంచులకి ఆ పసుపు రంగు రెక్కల్లా ఉండటం చూసి నేనూ ఆగిపోయా. కానీ దానికి రెండు పేజీలు ఎక్కువ, ఐదు నెలల తర్వాత ఆవిడకి దొరికిన మొదటి కౌగిలి అన్న ఒక్క వాక్యం చాలు. 2021 కోవిడ్ రెండో వేవ్ చితుల ఫోటోలు మొత్తం తీసెయ్, అది వేరే ప్రాజెక్టు, ఇక్కడ కలిపితే రెండిటికీ అన్యాయం.

అనుమతి గురించి అడిగావు, బాధలో ఉన్నవాళ్ళని తీయొచ్చా అని. నా దగ్గర రూల్ ఏమీ లేదు. మన పెద్దవాళ్ళు ధాత కరువు అని చెప్పుకునేవాళ్ళు, 1876లో మొదలైంది, ఆ కరువులో మద్రాస్ ప్రెసిడెన్సీలో హూపర్ అనే బ్రిటిష్ ఆర్మీ ఆఫీసర్ ఎముకల గూళ్ళైన మనుషుల్ని వరసగా కూర్చోబెట్టి ఫోటోలు తీశాడు. ఒకసారి అవి చూడు. ఎంత సర్దిపెట్టినట్టు ఉంటారో చూడు, ఎవరి పేరూ కనపడదు. ఆ ఫోటోలు లేకపోతే ఆ కరువు ముఖం మనకి తెలిసేది కాదు, అదీ నిజమే. నేను ఈ రెండిటి మధ్యా ఇప్పటికీ తేల్చుకోలేదు, నువ్వు కూడా తేల్చినట్టు రాయకు, ఇబ్బంది ఇబ్బందిగానే కనపడనీ.

చివరికి ఒక సంగతి. నీ ఫైల్ చివర "వాడనివి" అని ఒక ఫోల్డర్ ఉంది, అందులో నీ ఫోన్‌తో తీసిన ఫోటో ఒకటుంది, మీ ఇంటి డాబా మీంచి కిందికి, నాన్న ఆటో మీద పట్టా కప్పి ఉంది, ముందు టైరు కింద రాయి, పట్టా మీద రాలిన వేపపూత. నీకప్పుడు తొమ్మిదో తరగతి అనుకుంటా. దాన్ని ఎందుకు పక్కన పెట్టావురా? ఎక్కడ నిల్చుని తీశావో నీకు తెలుసు, ఆ పట్టా ఎన్ని రోజులు తీయలేదో తెలుసు, పట్టా మీద పూత అంత మందాన పేరుకుందంటే బండి కదల్లేదనేగా. మార్చి 27న రిజర్వ్ బ్యాంక్ మూడు నెలలు కిస్తీలు వాయిదా వేసుకోవచ్చంది, మీ నాన్నకి ఆటో మీద అప్పిచ్చిన ఫైనాన్స్ వాళ్ళు ఆ వాయిదా ఇచ్చారా, ఇస్తే వడ్డీ ఎంత కలిసింది, నాన్నని అడుగు, ఇబ్బంది పడతారు, అయినా అడుగు, చెప్పనంటే వదిలెయ్. చెప్తే ఆ ఫోటోనే మొదటి పేజీలో పెట్టి రాత అక్కడ్నుంచి మొదలుపెట్టు.

హైవే ఫోటో తీసినాయనతో నిన్న మాట్లాడా, నువ్వు ఫోన్ చేస్తావని చెప్పా. నెంబర్ వాట్సాప్‌లో పెడతా. మధ్యాహ్నం 3 దాటాక చెయ్, నైట్ డ్యూటీ ఆయనది, పొద్దున పడుకుంటాడు. ఆ రోజు తీసిన మిగతా ఫ్రేములు కూడా ఉన్నాయట, చూపించమని అడుగు, వాటిలో ఆమె మూట దించి కూర్చున్నది ఒకటుందని చెప్పాడు, అది నేనూ చూడలేదు.

అక్క